వెనక సీటు అంజనమ్మ

మా పక్కింటి అంజనమ్మత్తకు లోకంలో ఒక్కటే పిచ్చి. ఏ ఆడమనిషి స్కూటీ నేర్చుకుంటున్నా సరే, వెనక సీటు ఎక్కి కూర్చుంటుంది. కొత్తగా నడిపేవాళ్లను చూస్తే మా ఊరి కుక్కలు కూడా పక్కకు తప్పుకుంటాయి. ఈమె మాత్రం ఎదురెళ్లి, "ఆపమ్మా, నేనూ వస్తాను" అంటుంది.

"యాడికత్తా?" అంటే "ఆడికే" అంటుంది. బండి ఎటు పోతే అటే ఆమెకు పని. ఒకసారి మా వీధి శోభన నేర్చుకుంటూ స్కూటీ అదుపు తప్పి బైరప్ప గడ్డివామిలో దూరితే, అత్త ఒళ్లు దులుపుకుంటూ దిగి, "బైరప్పతో మాట్లాడే పని ఉండాది, బాగానే తెచ్చినావు" అందట.

ఇక నా సంగతి. హోసూరు దగ్గర ఫోన్ల ఫ్యాక్టరీలో నాకు ఉద్యోగం వచ్చింది. కంపెనీ వ్యాను ఉద్దనపల్లి దాకే వస్తుంది. మా పల్లె నుంచి అక్కడికి ఆ వేళకు బస్సు లేదు. ఒకటో తేదీ లోపల స్కూటీ నడపడం రాకపోతే ఉద్యోగం గోవిందా! మా ఆయన అశోక్ మంచివాడే. కానీ నా ధైర్యం మీద నాకెంత అనుమానమో ఆయనకూ అంతే. "నీకెందుకు భువనా ఈ తంటా, రానని చెప్పేయ్" అన్నాడు. నేనూ సరే అనబోయాను. అప్పటికే ఒకసారి టమోటా తోటలోకి పోయి, ఊతకట్టెలతో సహా ఒక సాలంతా పడగొట్టి ఉన్నాను మరి.

అంతలో అత్త హెల్మెట్‌తో ప్రత్యక్షమైంది. ఆమె కొప్పు పెద్దది. హెల్మెట్ నెత్తికి దిగక పైనే ఊగుతుంటుంది.

"బండి తీయి. రాయకోటకు పోవల్ల."

"నాకు రాదత్తా, పడేస్తాను."

"పడితే లేస్తాము. నాకు నిద్రొస్తా ఉంది, గమ్మున పోనీ."

బండి కదిలిందో లేదో వెనక గురక! గుంత వచ్చినా గురకే, మలుపు వచ్చినా గురకే. నా వెనక కూర్చొని నిద్రపోయేంత నమ్మకమా ఈ మహాతల్లికి! ఒక్క అద్దాన్ని మాత్రం ఎక్కగానే పక్కకు తిప్పేసేది. "మొహం చూసుకుంటా కూర్చుంటే దారెవరు చూస్తారు?" అనేది. రోజూ ఇదే వరస. ఆమె నిద్ర చెడగొట్టడం ఎందుకని నేనూ మెల్లగా, కుదురుగా నడపడం మొదలుపెట్టాను.

ఉద్యోగంలో చేరడానికి ముందురోజు రాయకోట దగ్గర రైలు గేటు పడింది. ముందు టమోటా లారీ, వెనక ఇంకో లారీ. వెనకది ఎంత దగ్గరుందో చూద్దామని అద్దం సరిచేశాను. అందులో అత్త కనిపించింది. కళ్లు గట్టిగా మూసుకుంది. మొహమంతా చెమట. పెదాలు దేవుళ్లందరినీ పేరుపేరునా పిలుస్తున్నాయి. మధ్యలో గుర్తొచ్చినప్పుడల్లా ఒక గురక!

"అత్తా! నిద్రపోలేదా నువ్వు?"

ఒక కన్ను తెరిచింది. "ప్రాణం అరచేతిలో పెట్టుకోనుంటే నిద్ర యాడ వస్తాదమ్మా? రెండు చక్రాల బండంటేనే నాకు భయం."

"మరి ఎందుకెక్కుతావు?"

"వయసులో నేనూ మోపెడు నేర్చుకుంటిని. వెనక ఎవురూ కూర్చోలా. అందరూ గట్టున నిలబడి 'పడతాది, పడతాది' అనిరి. పడినాను. మళ్లీ బండి ముట్టుకోలా. నా భయం తెలిస్తే నువ్వూ దిగిపోతావని గురక పెట్టినాను, అంతే."

నాకు నవ్వు ఆగలేదు, ఆమె మీద ప్రేమా ఆగలేదు. గేటు లేచింది. వెనక లారీ హారన్ మోత.

"కళ్లు తెరిచి కూర్చో అత్తా. నేను నడుపుతాను కదా" అన్నాను. ఆ మాట నా నోటినుంచే వచ్చిందని నమ్మేసరికి పట్టాలు దాటేశాం.

మర్నాడు ఉద్యోగంలో చేరాను. మొన్న షిఫ్టు ముగించుకొని వస్తుంటే కొత్తగా నేర్చుకుంటున్న కలైసెల్వి స్కూటీ రోడ్డంతా తనదే అన్నట్టు ఎదురొచ్చింది. వెనక ఎవరో చెప్పక్కర్లేదు.

"అత్తా, నా బండెక్కు, ఇంటికాడ దించుతాను" అన్నాను.

"నీ బండిలో ఏముందమ్మా? బస్సులో కూర్చున్నట్టుంటాది" అని కలైసెల్వి భుజం పట్టుకొని వెళ్లిపోయింది.

లైసెన్సు ఇచ్చిన ఆఫీసరు కూడా నన్ను అంతగా మెచ్చుకోలేదు.