మంచు మొదలవకముందు ఒక పూట

నిన్న పొద్దున కౌన్సిల్ లారీ వచ్చి మా వీధి చివర పసుపుపచ్చ డబ్బాలో ఉప్పు నింపి వెళ్లింది. వంటలో వేసేది కాదు, మంచు పడ్డప్పుడు రోడ్డు మీద చల్లే మట్టిరంగు రాళ్లుప్పు. వంటింటి కిటికీలోంచి ఆ లారీ కనబడగానే చేతిలో ఉన్న టీ నాకు సహించలేదు. మా ఆయన కూడా చూశాడు. చూసి, పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మంచు కబురు వచ్చిందంటే మా ఇంట్లో ఇదే తంతు. నేను మూగనోము పట్టినట్టు కూర్చుంటాను, ఆయన పేపరు చాటున దాక్కుంటాడు. పదేళ్లుగా అదే పేపరు చదువుతున్నాడేమోననిపిస్తుంది నాకు.

న్యూకాజిల్ దాటి ఉత్తరంగా పోతే సముద్రం ఒడ్డున ఉంటుంది మా ఊరు. ఎండాకాలంలో కూడా స్వెట్టర్ విప్పబుద్ధి కాని ఊరు. అంతకుముందు ఈ దేశంలోనే దక్షిణాన, ఇక్కణ్ణుంచి ఒక పూట ప్రయాణం దూరంలో ఉన్న బేసింగ్‌స్టోక్‌లో ఉండేవాళ్లం. రీడింగ్ అనే ఊళ్లో ఉండే మా అక్క ఇంటికి అక్కణ్ణుంచి కారులో అరగంట. గోంగూర దొరికితే సగం నాకు, దోసెల పిండి ఎక్కువైతే సగం తనకి, అలా గడిచిపోయేది. అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. చిన్నప్పుడు నాకు జడలు వేసిందీ, ఎక్కాలు రాకపోతే మొట్టికాయలు వేసిందీ తనే. మా ఆయనకి ఇక్కడ ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు, "అంత దూరం పోతే నీకు ఒంట్లో బాగోకపోతే ఎవరొస్తారే?" అని మొహం ముడుచుకుంది. ఒంట్లో బాగోకపోవడం తనదాకా వస్తుందని మా ఇద్దరికీ తట్టలేదు.

రెండువేల పది నవంబరు ఆఖరునాటి మాట. పెద్ద మంచు తుఫాను వస్తోందని టీవీలో ఒకటే ఊదరగొట్టారు. మా ఆయనది బందరు. తుఫాను అనే మాట వింటే చాలు, ఆయనకి పూనకం వస్తుంది. సెలవు పెట్టేసి, స్నానాల తొట్టి నిండా నీళ్లు పట్టాడు. అగ్గిపెట్టెలు ప్లాస్టిక్ కవరులో చుట్టాడు. పెరట్లో చెత్తబుట్టలు కంచెకి తాళ్లతో కట్టాడు. పక్కింటి ముసలావిడ, భర్త ఉన్నంతకాలం చేపల పడవ నడుపుకున్న మనిషి, తన గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి పడీ పడీ నవ్వింది. ఇక్కడ ఆవిడ వయసువాళ్లు అందర్నీ ముద్దుగా 'పెట్' అంటారు. "నీళ్లెందుకు పెట్, రేపు ఊరంతా నీళ్లేగా!" అంది. నేనూ నవ్వాను. చిన్న వంటింట్లో పులిహోర కలుపుతూ, కరెంటు పోయినా రెండు రోజులు చూసుకోనక్కర్లేదని ధీమాగా ఉన్నాను.

అప్పుడు రీడింగ్ నుంచి బావ ఫోన్ చేశాడు. "ఏం లేదమ్మా, మీ అక్కకి కాస్త జ్వరం. దగ్గు ఎక్కువగా ఉందని హాస్పిటల్లో ఉంచారు. నువ్వేం కంగారు పడకు. ఈ మంచు గొడవ తగ్గాక తీరిగ్గా వద్దువుగాని," అన్నాడు. తర్వాత, "ఒకసారి మీ ఆయనకివ్వు," అన్నాడు. మా ఆయన ఫోన్ పట్టుకుని గరాజ్‌లోకి వెళ్లాడు. చాలాసేపటికి బయటికొచ్చి, "ఏదో కారు ఇన్సూరెన్స్ సంగతిలే," అన్నాడు, నా మొహం చూడకుండా.

నాకు మనసు మనసులో లేదు. అటక మీంచి సూట్‌కేసు దించాను. "జ్వరానికే అంత దూరం పరిగెడతావా? మధ్యలో రైలు ఆగిపోతే? బడికెళ్లే పిల్లని ఏం చేద్దాం?" అని ఆయన దాన్ని మళ్లీ పైకెక్కించాడు. మాటలో న్యాయం ఉన్నట్టే అనిపించింది. బ్రెడ్డూ పాలూ తెద్దామని బయల్దేరాను. ఆకాశం అంట్లగిన్నె అడుగులా ఉంది. గాలి లేదు, ఒక్క సీగల్ పిట్ట కూడా అరవడం లేదు. షాపులో బ్రెడ్డు అరలన్నీ ఖాళీ. జనం బంగాళాదుంపల కోసం తోసుకుంటున్నారు. పక్కింటావిడ అక్కడే కనబడి, నా చెయ్యి పట్టుకుని ఒక మాట చెప్పింది: "ఎక్కడికైనా వెళ్లాల్సిన పనుంటే ఇప్పుడే వెళ్లు పెట్. సాయంత్రానికి కాకి కూడా కదల్లేదు." ఎక్కడికీ లేదని చెప్పి, పాల డబ్బాలు మోసుకుంటూ ఇంటికొచ్చాను. అప్పటికి రైళ్లన్నీ టైముకి తిరుగుతున్నాయి.

మధ్యాహ్నం బడి తొందరగా వదిలేశారు. మా పిల్ల ముక్కు కిటికీ అద్దానికి ఆనించి, "మమ్, ఇట్స్ స్టార్టెడ్!" అని కేక పెట్టింది. మంచు మొదలైంది. మొదట పిండి జల్లించినట్టు పడి, చూస్తుండగానే ఎదుటి ఇళ్లు మాయం చేసేసింది. టీవీలో రైళ్లు రద్దన్నారు. మా ఆయన చేసిన ఘనకార్యాలన్నీ చెప్పి అక్కని నవ్విద్దామని తన సెల్‌కి ఫోన్ చేశాను. బావ తీస్తాడనుకున్నాను. అక్కే తీసింది. గొంతు గుర్తుపట్టడానికి నాకు కాస్త సమయం పట్టింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతోంది.

"ఎంతవరకూ వచ్చావే?" అంది.

నాకు అర్థం కాలేదు. వెనక్కి తిరిగితే మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన మొహం చూడగానే మొత్తం అర్థమైపోయింది. మా ఇళ్లల్లో చెడ్డ కబురు ఎప్పుడూ వాయిదాల మీద చెబుతారు. ముందు జ్వరం, తర్వాత హాస్పిటల్, తర్వాత సీరియస్, ఆ తర్వాతే బయల్దేరమనడం. ఒంటరిగా ప్రయాణం చేసేవాళ్లకైతే అసలే చెప్పరు, దారిలో ఏమైపోతారోనని. అక్కకి రెండు ఊపిరితిత్తులకీ నిమ్ము చేసి, డాక్టర్లు అయినవాళ్లని పిలిపించుకోమన్నారట. బావ ఆ సంగతి మా ఆయనకి చెప్పి, నాకు మర్నాడు మెల్లిగా చెప్పమన్నాడు. అక్క మాటిమాటికీ నన్నే అడుగుతోందని, నేను బయల్దేరానని తనకి చెప్పాడు. నాకేమో అక్క బాగుందని, అక్కకేమో నేను వస్తున్నానని. ఇద్దరి మీదా ప్రేమతోనే చేశారు మహానుభావులు!

"యార్క్ దాటానక్కా," అన్నాను, దారిలో వచ్చే స్టేషన్ పేరు చెప్పి. నా నోటివెంట అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

"మంచు పడుతోందట. స్వెట్టర్ వేసుకున్నావా?"

"వేసుకున్నాను. నువ్వు పడుకో, వచ్చేస్తున్నా."

ఫోన్ పెట్టేసి మా ఆయన్ని నానా మాటలూ అన్నాను. ఆయన కారు తీశాడు. పిల్లని పక్కింటావిడ దగ్గర దింపి, పార వెనకసీట్లో వేసుకుని బయల్దేరాం. పెద్ద రోడ్డు ఎక్కే చోట పోలీసులు అడ్డంగా కారు పెట్టి ఉన్నారు. అడ్డంపడిన లారీలు తప్ప ముందు ఏమీ లేదని, వెనక్కి పొమ్మని ఒక కుర్ర పోలీసు మర్యాదగా చెప్పాడు. అతన్ని తెలుగులోనే బతిమాలాననీ, ఇంగ్లిషు ఒక్క ముక్క రాలేదనీ మా ఆయన తర్వాత చెప్పాడు. వెనక్కొచ్చి, తొట్టి నిండా నీళ్లు, గిన్నె నిండా పులిహోర ఉన్న ఇంట్లో కూర్చున్నాం.

మర్నాడు పొద్దున బావ ఫోన్ చేసినప్పుడు నేనే తీశాను. ఈసారి ఆయన వాయిదాలేమీ పెట్టలేదు.

ఈ దేశంలో దహనానికి వారాలు పడతాయి కాబట్టి, రోడ్లు తెరుచుకున్నాక వెళ్లి అక్క మొహం చూశాను. చూశావుగా, అదృష్టవంతురాలివి అన్నారు కొందరు. నేను తనని చూడటం వేరు, తను నన్ను చూడటం వేరని వాళ్లకి చెప్పే ఓపిక నాకు లేకపోయింది. చివరిదాకా తలుపు వైపే చూసిందని నర్సు చెప్పింది. బావతో ఏడాది మాట్లాడలేదు. మా ఆయనతో మాట్లాడకుండా ఎన్నాళ్లుంటాను, ఒక ఇంట్లో ఉండేవాళ్లం కదా. కానీ ఇప్పుడు ఎవరైనా ఫోన్లో "కంగారు పడకు" అన్నారంటే సగం మాటలోనే చెప్పులు వేసుకుంటాను.

మొన్న పుట్టినరోజుకి పిల్ల కేకు తెచ్చింది. దాని మీద అంకె చూసి కత్తి పక్కన పెట్టేశాను. అక్క పోయినప్పటి వయసు దాటేశాను నేను. పుట్టినప్పటి నుంచి ఏ వయసుకైనా నాకంటే ముందు తను వెళ్లి, ఎలా ఉంటుందో చెప్పేది. ఇకమీదట నాకొచ్చే ఏడాదులన్నీ అక్క చూడనివే.