అరచేయి వెనక ముఖం

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే పని ఉందని లేచి వెళ్లిపోయే రకాన్ని నేను. ఇరవై ఏళ్లుగా పెళ్లి వీడియోలు తీసి, ఎడిట్ చేసి బతుకుతున్నాను. తెర మీద కనిపించే ప్రతిదీ ఎప్పుడో ఒకసారి కెమెరా ముందుకు వచ్చిందే అయి ఉంటుందని నా నమ్మకం. అది ఒక్కసారి తప్పింది. ఎలా తప్పిందో తెలియదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కర్నూలు పక్కన కల్లూరులో మా స్టూడియో. మా వైపు చాలా ముస్లిం పెళ్లిళ్లలో ఆడవాళ్ల దగ్గరికి మగ కెమెరామన్‌ను రానివ్వరు. ఆ పనికి నన్ను కడప దాకా పిలిచేవాళ్లు. పద్నాలుగేళ్ల కిందట కడపలోనే నూర్జహాన్ అనే అమ్మాయి పెళ్లి తీశాను. వాళ్లమ్మ హాజిరాబీకి ఫోటో అంటే గిట్టదు. నేను బ్యాగు విప్పకముందే చెయ్యి పట్టుకుని, "పెండ్లికూతుర్ని ఎంతసేపన్నా తీసుకోమ్మా. నా ముఖం మాత్రం తియ్యొద్దు," అంది.

తీయనని మాట ఇచ్చాను. అయినా ఆ సందడిలో ఒకసారి కెమెరా ఆమె మీదికి తిరిగింది. ఆమె గబుక్కున అరచేయి అడ్డం పెట్టుకుంది, నేను తిప్పేశాను. రెండు సెకన్లు కూడా ఉండదు.

మొన్న వేసవిలో నూర్జహాన్ వాళ్ల వదిన షమీమ్‌ను వెంటబెట్టుకుని స్టూడియోకి వచ్చింది. నూర్జహాన్ ఎనిమిదేళ్లుగా కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తోందట. పోయినేడు వాళ్లమ్మ చనిపోతే యజమాని దగ్గరున్న పాస్‌పోర్టు చేతికి రావడానికే నాలుగు రోజులు పట్టింది. ఇక్కడ చనిపోయిన రోజు సాయంత్రమే మట్టి ఇచ్చేశారు.

"మట్టికి తీస్కపోయేదానికి జనాజా ఎత్తే ముందర గుడ్డ తీసి ముఖం చూపిస్తారక్కా, ఒక్కసారి. అందరూ చూసినారు, నేను చూల్లేదు. ఫోన్లో గూడా మాయమ్మ గొంతే గానీ ముఖం పెట్టేది గాదు. ఇప్పుడు కండ్లు మూసుకుంటే ఆమె ముఖం సరిగ్గా గుర్తుకు వస్తా లేదు."

వాళ్లమ్మ ఆధార్ కార్డు చూపించింది. చాలామంది ఆధార్ లాగే అందులో ఉన్నది మనిషో మబ్బో తెలియదు.

"ఆ రెండు సెకన్లు శానా నిదానంగా నడిపిస్తే, చెయ్యి సందులో యాడన్నా కనపడదా?" అని అడిగింది.

కనపడదని నాకు తెలుసు. ఆ వీడియోలో సెకనుకు ఇరవై ఐదు ఫ్రేములు, అంటే ఇరవై ఐదు బొమ్మలు. నిదానంగా, కుదుపు లేకుండా నడవాలంటే మధ్యలో కొత్త బొమ్మలు చేర్చాలి. నల్ల తెర మీద కమాండ్ టైప్ చేసి నడిపే ఉచిత ప్రోగ్రాం ఒకటి వాడతాను. ఇరవై ఐదును వంద చేయమంటే, ప్రతి రెండు బొమ్మల మధ్య మూడు కొత్తవి తయారు చేస్తుంది. వాటిలో కొత్త సంగతి ఏమీ ఉండదు. అటు బొమ్మనూ ఇటు బొమ్మనూ చూసి, మధ్యలో ఇలా ఉండొచ్చని ఊహిస్తుంది, అంతే. రెండు వైపులా అరచేయి ఉంటే మధ్యలోనూ అరచేయే రావాలి.

ముందు ఒక్కో ఫ్రేమూ ఆపి చూశాను. నలభై మూడు. అన్నింట్లోనూ అరచేయే. ఆ మాట చెప్పడానికి నోరు రాక, ఆమె తృప్తి కోసం కమాండ్ రాశాను. కొత్తలో ఫైలు పేరుకు వెనక రాయాల్సిన అంకెను ముందు రాసి, ఒకరి ఊరేగింపును పరుగుపందెం చేసిన ఘనురాలిని. అప్పటినుంచి రెండుసార్లు చదివి గానీ ఎంటర్ కొట్టను. ఆ రోజూ అంతే.

పొద్దున పదకొండు గంటలు. టీ తాగేలోపు పని పూర్తయింది. బాణం మీట నొక్కుతూ ఒక్కొక్క ఫ్రేమే చూపించాను. పాత ఇరవై ఒకటో బొమ్మకూ ఇరవై రెండో బొమ్మకూ మధ్య వచ్చిన మూడు కొత్తవాటిలో చెయ్యి లేదు.

ముఖం ఉంది. పెళ్లిరోజు నేను చూసిన హాజిరాబీ నిండు బుగ్గల మనిషి, ఆకుపచ్చ పట్టుచీర కొంగు తల మీద కప్పుకుని ఉండింది. ఈమె బుగ్గలు పీక్కుపోయాయి, జుట్టు తెల్లబడింది. గడ్డం కింది నుంచి తల మీదికి తెల్లగుడ్డ కట్టి ఉంది. కళ్లు తెరిచి ఉన్నాయి. అవి కెమెరాను చూడటం లేదు. ఆ రోజు పెళ్లికూతురు కూర్చున్న వైపు చూస్తున్నాయి.

ఎవరో ముసలామె అనుకున్నాను. వేరే ఫైలు తెరిచానేమోనని పేరు చూశాను. అదే ఫైలు.

షమీమ్ కుర్చీలోంచి లేచింది. "ఊపిరి పోయినాక ఆ గుడ్డ నేనే కట్టినా," అంది. తెర మీదికి వంగి, "కండ్లు గూడా నేనే మూసినా కదా," అంది.

నాకు భయం వేసింది, దాచుకోను. నూర్జహాన్ మాత్రం భయపడలేదు. దుపట్టా సర్దుకుని, తెర దగ్గరికి జరిగి, చప్పుడు లేకుండా ఏడుస్తూ చాలాసేపు చూసింది. తర్వాత, "చాలక్కా. నా ఫోన్లోకి ఎక్కించు. నీ దగ్గర ఉంచుకోవాకు, మాయమ్మ వద్దన్నింది గదా," అంది. ఫోన్లోకి ఎక్కించి, ఆమె ముందే నా కాపీ చెరిపేశాను.

మర్నాడు మనసు ఆగలేదు. పాత వీడియో మీద అదే కమాండ్, అక్షరం మార్చకుండా నాలుగుసార్లు నడిపాను. ఇంకో కంప్యూటర్‌లోనూ నడిపాను. అరచేయే వచ్చింది. ఈ పని తెలిసిన ఒకాయనను అడిగితే, యంత్రం అప్పుడప్పుడు ముఖాలు తప్పుగా అల్లుతుందన్నాడు. ముక్కు వంకరపోయిందంటే ఒప్పుకుంటాను. తెల్లగుడ్డను ఎక్కడినుంచి తెచ్చి అల్లింది?

చివరికి సిగ్గు విడిచి నూర్జహాన్‌ను అడిగి ఆ ఫైలు మళ్లీ తెప్పించుకున్నాను. అదే పేరు, అదే నిడివి. ఆ మూడు ఫ్రేముల దగ్గర ఆపితే అరచేయి ఉంది. వెంటనే ఫోన్ చేశాను.

"అదే ఫైలు అక్కా. ఆ పొద్దు ఇంటికి పోయి తీస్తే అప్పటికే చెయ్యి అడ్డం ఉండాది," అంది.

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పేదానికి ఏముండాది? ముఖం ఒక్కసారే గదా చూపిస్తారు. నేను చూసుకున్యా."

ఆమె గొంతులో ఏ బాధా లేదు. మళ్లీ కువైట్ వెళ్లిపోయింది. నేనే ఇంకా తేరుకోలేదు. ఇప్పటికీ ఎవరి పెళ్లి వీడియో నిదానం చేసినా, కొత్త ఫ్రేముల దగ్గర బాణం మీట మీద వేలు ఆగిపోతుంది. హాజిరాబీకి ఇచ్చిన మాట నేను తప్పలేదు. ఆ ముఖం నేను తీయలేదు. ఎవరు తీశారో నాకు తెలియదు.