ఎల్లాజీ, రెండో కేసెట్టు

ఫిషింగ్ హార్బర్లో వలలు బాగుచేసే ఎల్లాజీ చేతులు పాటను బట్టి ఆడేవి. టీవీ సీరియల్లో చిన్నకూతురి వేషం వేసే అమ్మాయి పాడిన మొదటి కేసెట్టు డ్రమ్ములతో, గిటార్లతో హోరెత్తిపోయేది. వల చిరుగులు చకచకా పూడిపోయేవి. ఇప్పుడు ఆ అమ్మాయిదే రెండో కేసెట్టు వచ్చింది. అన్నీ నింపాది పాటలే. ఎల్లాజీ చేతులు మొరాయించాయి.

"ఏటి బావా, పిల్ల నిద్దరోతందేటి?" అన్నాడు పక్కన కూర్చున్న నూకరాజు.

"నోర్ముయ్! పిల్ల పెద్దదయింది," అని కసిరాడు ఎల్లాజీ.

మర్నాడూ టేప్‌రికార్డర్లో రెండో కేసెట్టే తిరుగుతోంది. వల మాత్రం పరుగెడుతోంది. నూకరాజు చెవి ఒగ్గాడు. ఎల్లాజీ నోట్లో మొదటి కేసెట్టు పాట!

"పాత పాట పాడతన్నావేటి బావా?"

"ఉష్! మెల్లగా," అన్నాడు ఎల్లాజీ, టేప్‌రికార్డరు వైపు చూస్తూ. "ఆ పిల్ల ఇంటాది."