కడిగినా పోనిది

"నీకు కడుగుడు రాదమ్మా. మీ ఎల్లారెడ్డిల నీళ్ళకు అంత కరువా?"

ఆ మాట అన్నది నా పీహెచ్‌డీ గైడ్. ల్యాబ్‌లో అందరి ముందరా అన్నారు. ఎవరెవరు నవ్వారో, ఎవరు ఎక్కడ కూర్చుని నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. ఆయనదీ మా జిల్లానే, మాచారెడ్డి పక్క ఊరు. పరాయి జిల్లా మనిషి అయి ఉంటే ఇంతగా గుచ్చుకునేది కాదేమో.

నేను కామారెడ్డిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. సెలవులు వస్తే హైదరాబాద్ ల్యాబ్‌లో ఉంటాను. పీహెచ్‌డీ చేతికి వస్తే తప్ప ఆ కాలేజీ నుంచి కదలలేను.

నా పని ఒక బ్యాక్టీరియా ప్రోటీన్‌లోని చిన్న భాగం మీద. దాన్ని డొమైన్ అంటాం. బ్యాక్టీరియా ఈదుతూ తిరగాలా, ఒకచోట అతుక్కుపోవాలా అన్నది దాని లోపల పుట్టే ఒక సంకేత అణువు తేలుస్తుంది. ఆ అణువును పట్టుకునేది ఈ డొమైన్. చూడటానికి పీపాలా ఉంటుంది, ఒక చివర సన్నని పోగు వేలాడుతుంది. అణువు వచ్చి పీపా పక్క గుంటలో కూర్చోగానే పోగు మడతపడి దాని మీద బిగుసుకుంటుంది. బ్యాక్టీరియా ఇక ఈదదు.

ఖాళీ డొమైన్‌ను, అంటే పోగు వదులుగా ఉన్న ఆకారాన్ని చూపించడం నా వంతు. సంకేత అణువును మేం ఎక్కడా కలపలేదు కాబట్టి గుంట ఖాళీగానే ఉంటుందని ల్యాబ్‌లో అందరి నమ్మకం. నాదీ అదే. గైడ్ అప్పటికే ఒక సమావేశంలో ఖాళీదే అని చెప్పేసి వచ్చారు.

ఆకారం కనపడాలంటే ప్రోటీన్‌ను స్ఫటికంగా పెంచి, దాని మీదికి ఎక్స్‌రేలు పంపాలి. కానీ నేను పెంచిన ప్రతి స్ఫటికంలో పోగు బిగుసుకునే ఉంది. గుంటలో మసకగా ఏదో ముద్ద. మురికి అన్నారు, మళ్ళీ కడగమన్నారు. ప్రోటీన్‌ను ఉప్పు పెంచిన నీళ్ళతో కడిగాను, రాత్రంతా నానబెట్టి కడిగాను. ముద్ద పోలేదు. అప్పుడన్నదే ఆ నీళ్ళ కరువు మాట.

ఎల్లారెడ్డి నుంచి కాలేజీకి వెళ్ళే కామారెడ్డి బస్సులో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఆ ముద్దనే తిప్పి తిప్పి చూసేదాన్ని. ఒకరోజు లింగంపేట దాటాక తట్టింది. మేం ఈ ప్రోటీన్‌ను తయారు చేయించేది ఇంకో బ్యాక్టీరియాతో. దాని లోపలా అదే సంకేత అణువు ఉంటుంది. మేం కలపాల్సిన పనే లేదు. డొమైన్ పుట్టిన చోటే దాన్ని పట్టుకుంది, ఇక వదల్లేదు.

పక్క సీట్లో అవ్వ నన్నే చూస్తోంది. "ఏంది బిడ్డా, ఒక్కదానివే నవ్వుతున్నవ్?"

"దొరికింది అవ్వా."

"ఏం పోయింది?"

సెలవుల్లో ప్రోటీన్‌ను ఉడకబెట్టాను. అది విరిగి అడుగున చేరాక, పైన తేరిన నీటిని అణువుల బరువు చూసే యంత్రంలో పెట్టించాను. సంకేత అణువు బరువే వచ్చింది. గైడ్ ఆ కాగితం చూశారు.

"గిట్లయితదని నాకు ముందు నుంచే అనుమానం."

ఆ అనుమానం నాకు ఒక్కనాడూ చెప్పలేదు.

తర్వాత ఆ అణువును కోసేసే ఎంజైమ్‌ను తోడు పెట్టి గుంటను ఖాళీ చేశాను. ఖాళీ అయితే అయింది గానీ స్ఫటికం కట్టదు. పోగు ఊగుతూనే ఉంటుంది, ఒక డొమైన్ ఇంకొకదాని పక్కన కుదురుగా నిలవదు. బిగుసుకుపోయిన దానితోనే స్ఫటికం.

చివరికి గైడ్ బిగుసుకున్న ఆకారంతోనే థీసిస్ ఇమ్మన్నారు, సంతకం పెడతానన్నారు. కాకపోతే ఒక వాక్యం రాయాలట. మొదటి నమూనాలను సరిగా కడగనందువల్ల గుంటలో మలినం మిగిలిందని. అలా ఉంటే సమావేశంలో ఆయన చెప్పింది తప్పు కాదు, తప్పు నా చేతులది.

"అది కడిగితే పోయేది కాదు సార్. మీరే చూసిండ్రు."

"ఒక్క లైనే కదమ్మా. ఎవలు చదువుతరు?"

"ఎవలు చదవకుంటే రాసుడెందుకు సార్?"

ఫైలు నా వైపు తోసేశారు.

ఇంట్లో బాపు కూడా ఆయన పక్షమే. "రాసెయ్ బిడ్డా. నీదేం పోతది?"

"కడుగుడు రాదని నా చేత్తోనే రాసియ్యాల్నా బాపు?"

"ఇంట్ల బోళ్ళన్నీ నువ్వే తోముతవు. నేనొచ్చి సాక్ష్యం చెప్త పా."

నన్ను నవ్విద్దామని అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఈ ఏడూ అదే కాలేజీ, అదే బస్సు. నాతో మొదలుపెట్టినవాళ్ళు డిగ్రీలు తీసుకుని వెళ్ళిపోయారు. నా థీసిస్ పూర్తయి ఉంది. ఆ వాక్యం ఉండాల్సిన చోట జరిగింది జరిగినట్టు రాసి పంపుతాను. ఆయన నా మాటలు కొట్టేసి తన వాక్యం పెట్టి తిప్పి పంపుతారు. నిన్న తాడ్వాయి దగ్గర బస్సు ఆగినప్పుడు లాప్‌టాప్ తెరిచి చూస్తే మళ్ళీ అదే వాక్యం. తీసేసి, బస్సు కదిలేలోపే పంపించాను.