బోరు తొట్టిలో పడవ

మా తమ్ముడికి చూపు పూర్తిగా పోయాక వచ్చిన మొదటి పూతకాలం అది. షుగరు వాడి కళ్లను కొంచెం కొంచెంగా తినేసింది. ముందు పేపరు చదవడం మానేశాడు. తర్వాత బండి నడపడం మానేశాడు. ఆఖరికి వీధి గది దాటి రావడం మానేశాడు. ఎవరైనా పలకరించడానికి వస్తే నిద్రపోతున్నట్టు గోడవైపు తిరిగి పడుకునేవాడు. కరెంటు ఆఫీసులో పనిచేసినన్నాళ్లూ సెలవు దొరికితే చాలు మా మామిడితోటలో వాలిపోయే మనిషి, ఈ ఏడు పూత ఎలా ఉందని కూడా అడగలేదు.

మా ఇల్లు వాళ్లింటికి నాలుగిళ్ల అవతల. నేను వెళ్లినప్పుడల్లా మా మరదలు వంటింట్లోకి లాక్కెళ్లి గొంతు తగ్గించి చెప్పేది.

"వదినా, మీరైనా చెప్పండి. నేను చెబితే కసురుతున్నారు. ఒక్కసారి తోట దాకా వెళ్లొస్తే మనిషి తేలికపడతారు."

చెప్పాను. "నన్ను చెయ్యి పట్టుకుని నడిపిస్తా ఉంటే ఊరంతా నిలబడి చూడాలా అక్కా?" అన్నాడు.

అటక దులిపిన రోజు మరదలు పాత సామానంతా అరుగు మీద పరిచింది. చిల్లుపడిన గంగాళం, విరిగిన కుర్చీ, వాటి మధ్యలో పడవ. నేను చూడగానే గుర్తుపట్టాను. వాడు బెజవాడలో డిప్లొమా చదివే రోజుల్లో వేసవి సెలవులకు వచ్చి చేసిన పడవ అది. అప్పుడు మా ఇంటికి తలుపులు చేస్తున్న వడ్రంగి దగ్గర మిగిలిన టేకు ముక్కలన్నీ ఏరుకొచ్చి, సన్నని పలకలుగా చీల్చి, వంచి, ఒకదాని పక్కన ఒకటి అతికించాడు. దాన్ని నడిపే రేడియో పెట్టె వాడి స్నేహితుడు మద్రాసు నుంచి తెచ్చిచ్చాడు. ఒడ్డున నిలబడి పెట్టె మీద పుల్ల కదిపితే నీళ్లలో పడవ తిరిగేది. తాడూ లేదు, తీగా లేదు. అది చూడ్డానికి రెడ్డిగూడెం నుంచి కూడా జనం వచ్చారు. తర్వాత వాడికి ఉద్యోగం వచ్చింది, పడవ అటకెక్కింది.

ఇప్పుడు దాని రంగు పొరలుగా లేచిపోయింది. పలకల మధ్య సందులు తెరుచుకున్నాయి. లోపల సాలీడు గూడు కట్టుకుంది.

"పాత సామాన్లవాడికి వేసేద్దామా వదినా?" అంది మరదలు.

నేను దాన్ని తీసుకెళ్లి వాడి ఒళ్లో పెట్టాను. ముందు విసుక్కున్నాడు. "ఏంటిది, దుమ్ము." తర్వాత వాడి బొటనవేలు పడవ ముక్కు దగ్గర ఆగింది. అక్కడి నుంచి అడుగు వెంట నెమ్మదిగా వెనక్కి వెళ్లింది. చుక్కాని పక్కనున్న పంకా దగ్గరికి వచ్చేసరికి మొహం మారింది.

"దీని రెక్క ఒకటి వంగిందక్కా," అన్నాడు. "ఎవరు వంచారు?"

"అటక వంచింది. నువ్వు బాగుచెయ్యి."

"కళ్లు లేనివాడు ఏం బాగుచేస్తాడు?"

"నావి ఉన్నాయిగా. చత్వారం కళ్లజోడు పెట్టుకుంటే బానే కనబడతాయి."

రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక పని మొదలుపెట్టేవాళ్లం. గరుకు కాగితంతో పాత రంగు గీకడం నా వంతు. నేను నున్నగా వచ్చిందనుకున్న చోట వాడు వేలు పెట్టి, "ఇక్కడ ఇంకా ఉంది," అనేవాడు. నిజంగానే ఉండేది. సందులు ఎక్కడెక్కడున్నాయో తెలియడానికి పడవ లోపల నీళ్లు పోయించాడు. రెండు పీటల మధ్య దాన్ని ఆనించి, బయటి నుంచి పొడి చేత్తో తడుముతూ, చెమ్మ తగిలిన ప్రతిచోటా "ఇక్కడ" అనేవాడు. నేను సుద్దముక్కతో గుర్తు పెట్టేదాన్ని. ఆరాక ఆ గుర్తులన్నిటి మీదా జిగురు పూశాం.

జిగురు డబ్బా మీద తెలుగులో రాసిన సంగతులు నేను చదివి వినిపించాను. నాకు చదువు వచ్చింది యాభై దాటాక. చిన్నప్పుడు వాడు బడికి వెళితే నేను పొలానికి వెళ్లాను. పొదుపు సంఘంలో మాకు సాయంత్రాలు అక్షరాలు నేర్పిన అమ్మాయి ఓపిక గలది కాబట్టి నాకు ఈ నాలుగు ముక్కలు వంటబట్టాయి. ఇప్పటికీ ఒత్తులు వస్తే ఆగి, కూడబలుక్కుని చదువుతాను. "పిల్లలకు అందకుండా ఉంచవలెను," అని నేను ఒక్కో ముక్కా చదువుతుంటే తమ్ముడు, "అక్కా, నువ్వు పూర్తిచేసేలోపు పిల్లలు పెద్దోళ్లయిపోతారు," అనేవాడు. వాడు ఎగతాళి చేసి ఎన్నాళ్లయిందో. మరదలు గుమ్మంలో నిలబడి నవ్వు ఆపుకుంది.

రేడియో పెట్టెలో పాత బ్యాటరీలు కారిపోయి ఆకుపచ్చగా చిలుము పట్టింది. దాన్ని నిమ్మరసంలో ముంచిన గుడ్డతో తుడిచాను. మోటారు బిగుసుకుపోతే వాడు కుట్టుమిషను నూనె చుక్క వేసి, గోటితో అటూ ఇటూ తిప్పుతూ గంటలకొద్దీ కూర్చున్నాడు. ఊడిన తీగలను మాత్రం నూజివీడులో టీవీలు బాగుచేసే అతనితో అతికించుకుని, కొత్త బ్యాటరీలు కూడా తెచ్చాను. ఆ తీగలను ఎక్కడ గుచ్చాలన్న దగ్గరే చిక్కొచ్చింది. పడవలో కూర్చునే చిన్న డబ్బీకి మూడు రంధ్రాలున్నాయి. వాటి పక్కన ఒక్కో ఇంగ్లీషు అక్షరం ఉంది.

"చదువు," అన్నాడు.

"నాకు తెలుగే వచ్చుగా తమ్ముడూ."

"ఎలా ఉందో చెప్పు చాలు."

"మొదటిది పాము మెలిక తిరిగినట్టుంది."

"ఎస్. అది చుక్కానిది. తర్వాత?"

"స్తంభం. దాని మీద దూలం."

"టి. అది మోటారుది. ఇంకోటి?"

"ఒక నిలువు గీత. దానికి ముందువైపు రెండు బొజ్జలు. కిందిది కాస్త పెద్ద బొజ్జ, మన కరణంగారిలాగా."

వాడు పకపకా నవ్వాడు. "బి. బ్యాటరీది. చూశావా, నీకు ఇంగ్లీషు కూడా వచ్చేసింది."

ఆ సాయంత్రం మోటారు తిరిగింది. గదిలో ఆ జుయ్యిమన్న చప్పుడుకు వాడు తల పక్కకు వాల్చి చెవి ఒగ్గాడు. గంగాళానికి మాటు వేయించి, నిండా నీళ్లు పోసి అందులో వదిలాం. పడవ తేలింది. ఒక్క చుక్క కూడా లోపలికి రాలేదు. కానీ కదిలితే అంచుకి కొట్టుకుంటోంది.

"ఇక్కడ ఏం తిరుగుద్ది? తోటలో తొట్టికి తీసుకెళ్దాం," అన్నాను. నేను ఎదురుచూసింది ఆ మాట అనడానికే.

వాడు అర్థం చేసుకున్నాడు. "నువ్వు తీసుకెళ్లు. నడిపొచ్చి ఎలా నడిచిందో నాకు చెప్పు."

వారం రోజులు ఆ పడవ బల్ల మీదే ఉంది. ఈలోగా పూసిన వార్నీషు కూడా ఆరిపోయింది. పూత రాలి పిందె పడుతోంది. నేను రోజూ వెళ్లి కూర్చుని వచ్చేదాన్ని. ఒకరోజు పొద్దున మరదలు కొట్టుకి వెళ్లినప్పుడు పడవను ఒక్కదాన్నే ఎత్తబోతే, రెండు మూరల పడవ, లోపల బ్యాటరీ బరువు, తలుపుకి తగిలింది. "చూసుకో!" అని వాడు మంచం మీంచి లేచాడు.

"అయితే నువ్వు వెనకాల పట్టుకో," అన్నాను. "నా ఒక్కదానివల్ల కావట్లేదు."

పడవ ముక్కు నా చేతుల్లో, తోక వాడి చేతుల్లో. గుమ్మం దాటాం. అరుగు దిగాం. నేను వాడి చెయ్యి పట్టుకోలేదు. నేను తిరిగితే పడవ తిరిగేది, పడవతో పాటు వాడూ తిరిగేవాడు. చూసేవాళ్లకి ఇద్దరు మనుషులు ఒక సామాను మోసుకుపోతున్నట్టే ఉంది. వాడికీ ఆ సంగతి తెలిసినట్టుంది. పాలకేంద్రం దగ్గరికి వచ్చేసరికి నడక కుదురుకుంది.

పాలకేంద్రం ముందు నిలబడ్డ కుర్రాడొకడు, "ఏంటి బాబాయ్, కొల్లేరు బయల్దేరారా?" అని అరిచాడు.

నేను వెనక్కి తిరిగి వాడి మొహం చూశాను. తమ్ముడు మాత్రం ఆగకుండానే, "కొల్లేట్లో నీళ్లు లేవంటగా, మా తొట్టికే పోతున్నాం రా!" అన్నాడు.

తోటలో బోరు పక్కన మా నాన్న కట్టించిన సిమెంటు తొట్టి ఉంది. కరెంటు ఇచ్చిన వేళ నింపి పెట్టుకోవడానికి కట్టించాడు. ఇంటి ముందు వాకిలంత వెడల్పు, నడుం లోతు, ఒక పక్క నీళ్లలోకి దిగిన బోరు గొట్టం. గట్టు మీద వాణ్ని కూర్చోబెట్టి, రేడియో పెట్టె చేతికిచ్చి, దాని పొడుగాటి కడ్డీ పైకి లాగాను. పడవను నీళ్లలో వదిలాను. వాడు నడపాలి, నేను చూసి చెప్పాలి. అదీ ఒప్పందం.

పోవడం బాగానే పోయింది. "కొంచెం కుడికి," అంటే కుడికి తిరిగింది. అవతలి గోడ దగ్గర మలుపు తిప్పించాను. ఇవతలికి వచ్చేటప్పుడు తంటా వచ్చింది. పడవ మా ఎడమవైపు గోడకేసి వస్తుంటే నేను "కుడికి, కుడికి!" అన్నాను. వాడు కుడికి తిప్పాడు. అది ఇంకా ఎడమకి పోయి గోడకి గుద్దుకుంది.

"కుడి అన్నావుగా!"

"కుడే అన్నా! నువ్వే తప్పు తిప్పావు."

"నీ కుడా, పడవ కుడా? అది మనవైపు వస్తుంటే దాని కుడి నీకు ఎడమవుద్ది."

అర్థమైంది. కానీ అర్థమైనంత మాత్రాన నోరు తిరగలేదు. పడవ వస్తున్నప్పుడు మనసులో తిరగేసుకుని చెప్పేలోపే అది గోడ దగ్గరికి చేరేది. మూడోసారి గుద్దుకున్నప్పుడు ముక్కు దగ్గర వార్నీషు లేచింది. వాడు పెట్టె గట్టు మీద పెట్టేశాడు.

"చాలక్కా. పోదాం పద. కళ్లున్నోళ్ల ఆట ఇది."

వాడి మొహం మళ్లీ గోడవైపు తిరిగిన మొహంలా అయింది. నాకు భయం వేసింది. ఇప్పుడు ఇంటికి వెళితే మళ్లీ రాడు.

"ఈ ఒక్కసారికి తీసుకురా. దాన్ని నీళ్లలో వదిలేసి పోతామా?"

అయిష్టంగానే పుల్ల కదిపాడు. పడవ ఇటు తిరిగింది. తిన్నగా బోరు గొట్టం మీదికి వస్తోంది. గొట్టానికి తగిలితే ముక్కలే. కుడి ఎడమలు రెండూ నా నోట్లో అడ్డంపడ్డాయి. "దాపటికి! దాపటికి లాగు!" అని అరిచాను.

వాడి బొటనవేలు ఆలోచించకుండానే కదిలింది. పడవ గొట్టాన్ని తప్పించుకుని చక్కగా వచ్చింది.

నాగలికి కట్టిన జతలో ఎడమ పక్కది దాపటి ఎద్దు, కుడి పక్కది ఎలపటి ఎద్దు. నాన్న మేడి పట్టుకుంటే నేను ఎద్దుల ముందు పగ్గం పట్టుకుని వాటికేసి చూస్తూ వెనక్కి నడిచేదాన్ని. సెలవుల్లో తమ్ముడూ నడిచాడు. ముందు నిలబడినా వెనక నిలబడినా దాపటి ఎద్దు దాపటిదే. అది ఎద్దుల వైపు నుంచి పుట్టిన మాట, మనిషి వైపు నుంచి కాదు.

"ఏమన్నావు?" అన్నాడు తమ్ముడు.

"దాపటికి అన్నా."

"పడవకి ఎద్దు మాటలా?" అని నవ్వి, పెట్టెను దగ్గరికి లాక్కున్నాడు. "ఇంకోసారి పోనీ."

ఆ తర్వాత మాకు అడ్డేముంది. దాపటికి, ఎలపటికి, తిన్నగా పో, మళ్లించు. తొట్టి చుట్టూ తిప్పాం, గొట్టం వెనక నుంచి తిప్పాం. పడవ వెళుతున్నప్పుడు మోటారు చప్పుడు పల్చబడుతుంది, వస్తున్నప్పుడు చిక్కబడుతుంది. కాసేపటికి నేను చెప్పకముందే కొన్ని మలుపులు వాడే తిప్పాడు. వాడి నుదుటి మీద చెమట పట్టింది. తుడుచుకోలేదు.

సరిగ్గా తొట్టి నడిమధ్యలో పడవ ఆగిపోయింది. బ్యాటరీ అయిపోయింది. కాయలు కోసే చిక్కం కర్ర తెచ్చి చాపాను, అందలేదు.

"నీళ్లెంత ఉన్నాయి?" అన్నాడు.

"నడుం దాకా."

"నేను దిగుతా."

వద్దనబోయి, మెట్లు ఎటున్నాయో చెప్పాను. వాడు చెప్పులు విడిచి, లుంగీ ఎగ్గట్టి, గట్టు తడుముకుంటూ మెట్టు మీద కాలు పెట్టాడు. నీళ్లు తగలగానే "అబ్బా, చల్లన," అన్నాడు.

"తిన్నగా పో. ఇంకొంచెం. దాపటికి."

"అక్కా, నన్ను కూడా ఎద్దును చేసేశావుగా!"

"ఎద్దయితే ఒక్క మాటతో వినేది. దాపటికి అంటే వినబళ్లా?"

చేతులు ముందుకు చాచి నీళ్లను కోసుకుంటూ వెళ్లాడు. వాడి వేళ్లు పడవ అంచుకు తగిలాయి. పడవను గుండెకు ఆనించుకుని ఇటు తిరిగి గట్టు దాకా వచ్చాడు. కానీ గట్టు ఎక్కలేదు. తొట్టి మీదికి ఒక కొమ్మ వంగి ఉంటుంది. దాని ఆకులు వాడి నెత్తికి తగిలాయి. ఒక చేత్తో పడవ పట్టుకుని, రెండో చేత్తో కొమ్మ వెంట తడిమాడు.

"ఇది కలెక్టరు మామిడి," అన్నాడు. "పిందెకి అప్పుడే ముక్కు వచ్చింది. పడమటి వైపు రసాలు కూడా ఇలాగే పట్టాయా?"

"నాకేం తెలుసు. నువ్వే చూసుకో."

అప్పుడే నా ఫోను మోగింది. మరదలు. గొంతులో కంగారు. ఇల్లంతా వెతికిందట, మంచం ఖాళీగా ఉందట. నేను ఫోనుని గట్టు మీంచి వంగి వాడి చెవి దగ్గర పెట్టాను.

"ఆయన ఎక్కడున్నారు వదినా?" అన్న మాట నాకూ వినిపించింది.

"తోటలో ఉన్నా," అన్నాడు నీళ్లలో నిలబడే. "అన్నం ఇక్కడికే తీసుకురా. అక్కకి కూడా."

అవతల మరదలు ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"పచ్చడేం తీసుకురమ్మంటారు?" అంది.