రెండో తీగ

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదు. ఇంటర్ మధ్యలో వదిలేసిన పంతొమ్మిదేళ్ళ పిల్లకు అంత జ్ఞానం ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తలచుకుంటే నాకే ఆశ్చర్యం. (వయసు పెరిగేకొద్దీ తరుగుతూ వచ్చింది. ఇప్పుడు దాదాపు ఏమీ మిగల్లేదు.) సీతాఫల్‌మండిలో, చదువు ఆగిపోయిన పిల్లలకు ఉచితంగా పనులు నేర్పే సెంటరు ఒకటి ఉండేది. ఆడపిల్లలందరూ కుట్టుపనిలోనో బ్యూటీపార్లరు క్లాసులోనో చేరితే, నేను ఎలక్ట్రీషియన్ బ్యాచిలో చేరాను. గొప్ప ఆశయం ఉండి కాదు, ఆ ఒక్క గదిలోనే ఫ్యాను తిరిగేది. చేరిన వారానికే బస్తీలో నాకు ‘కరెంటమ్మ’ అని పేరు పెట్టేశారు. నేనూ ఆ పేరుకు తగ్గట్టు చెవి వెనక టెస్టరు పెట్టుకుని తిరిగేదాన్ని.

కోర్సు చివర్లో ఒక మెలిక ఉంది. ఏదైనా ఇంట్లో సొంతంగా పని చేయాలి, సారు వచ్చి చూడాలి, ఇంటివాళ్ళు కాగితం మీద సంతకం పెట్టాలి. అప్పుడే సర్టిఫికెట్. అది చేతికొస్తే మారేడ్‌పల్లి అపార్ట్‌మెంట్లలో మెయింటెనెన్సు పని ఇప్పిస్తామన్నారు. రాకపోతే, బోయిగూడలో మా గేటు పక్కన బట్టలు ఇస్త్రీ చేసే అమ్మ పక్కనే నాకూ ఒక బొగ్గుల పెట్టె. అమ్మ చేతుల మీద కాలిన మచ్చలు రోజూ చూసేదాన్ని. ఆ కాగితం నాకు కావాలి, ఎలాగైనా కావాలి.

నాకు పని ఇచ్చే ఇల్లు ఒక్కటే కనిపించింది, మేం కింది వాటాలో అద్దెకున్న ఇల్లే. పై వాటాలో ఓనరాంటీ ఉండేది. విజయనగరం వైపు నుంచి ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం. చిక్కల్లా ఏమిటంటే, ఆంటీకీ అమ్మకీ నాలుగు నెలలుగా మాటల్లేవు. అమ్మ బొగ్గుల పొగ పైకి వెళ్ళి ఆంటీ గుమ్మడి వడియాలకు పట్టిందట. “పొగ నా మాట ఇంటదా?” అన్నదట అమ్మ. అంతే, ఆనాటి నుంచి ఇద్దరి మధ్యా నేనే రాయబారిని. “ఏటే పిల్లా, మోటారు ఆపమని మీ అమ్మకి చెప్పు” అని ఆంటీ అంటే, అక్కడే నిలబడ్డ అమ్మ నా వైపు తిరిగి “ఎప్పుడో బంద్ చేసిన అని చెప్పు” అనేది. (నేను చెప్పేదాన్ని కూడా. ఎంత మర్యాదస్తురాలినో చూడండి.)

మా మెట్లు రెండు గోడల మధ్య ఇరుకుగా ఉండేవి, మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. అక్కడ లైటు పెడతానంటే ఆంటీ సరేనంది. “రెండ్రోజులు వాడి చూసి అప్పుడు సంతకం పెడతాను” అని మాత్రం ముందే చెప్పింది. సారు బోర్డు మీద బొమ్మ గీసి చూపించాడు. “కింద వేసి పైన ఆర్పాలె, పైన వేసి కింద ఆర్పాలె. రెండు స్విచ్‌ల నడుమ రెండు తీగలు పోవాలె, యాదుంచుకో బిడ్డా.” సెంటర్లో చెక్కబోర్డు మీద మూడుసార్లు తప్పు లేకుండా చేశాను. తీరా మెట్ల దగ్గర, మొదటి తీగను అందంగా మలుపులు తిప్పి వేసేసరికి రెండోదానికి తీగ చాలలేదు. బల్బు వెలగడానికి కావాల్సింది కరెంటు, అది ఒక తీగలో రానంటుందా అని ఆలోచించాను. కింద స్విచ్ వేసి పైకి పరిగెత్తి అక్కడా వేశాను. బల్బు వెలిగింది! ఆంటీ స్విచ్‌కు కుంకుమ బొట్టు పెట్టి, నా నోట్లో పంచదార పోసింది.

మర్నాడు నేను సెంటరుకు వెళ్ళగానే అసలు కథ మొదలైంది. ఆంటీ పైన స్విచ్ వేస్తే వెలగదు. అమ్మ కింద వేస్తే వెలగదు. ఇద్దరూ వేస్తేనే వెలుగుతుంది. రాయబారి ఊళ్ళో లేదు, నీళ్ళ కోసం పై కుళాయికి బయల్దేరిన అమ్మ చంకలో బిందె. అమ్మే ముందు లొంగిపోయింది. నేను తిరిగొచ్చేసరికి మెట్ల మీద కేకలు వినిపిస్తున్నాయి.

“అక్కా, నేనేసిన! నువ్వు సుత జెర వెయ్యి!”

“వేశానమ్మా, చూసుకుని ఎక్కు!”

నాలుగో రోజుకల్లా లైటు కోసం మొదలైన మాటలు కూరల దాకా, మోకాళ్ళ నొప్పుల దాకా వెళ్ళాయి. అమ్మ తన ఇస్త్రీ బండిని గేటుకు అవతలి పక్కకు జరిపింది. ఆంటీ వడియాలు కిందికి పంపింది. తప్పు నాకు మొదటి రోజే తెలిసింది, కానీ ఆ ఇద్దరినీ చూశాక సరిచేయడానికి చేతులు రాలేదు.

ఆ వారమే సారు వచ్చాడు. ఒక్కసారి స్విచ్ నొక్కి నా వైపు చూశాడు. “రెండో తీగ ఏది? గిట్లయితే నేను పాస్ చెయ్య.” నేను నోరు తెరిచేలోపే ఆంటీ అడ్డం వచ్చేసింది. “ఏటి బాబూ, లక్షణంగా వెలుగుతుంటే!” అమ్మ అందుకుంది. “మాకేం తక్లీఫ్ లేదు సార్, మంచిగనే ఉన్నది.” సారు ఇద్దర్నీ చూసి తల పట్టుకుని, చివరికి తన సంచిలోంచి తీగచుట్ట తీసి నా చేతికిచ్చాడు. “నా ముంగట సక్కగ చెయ్యి, పాస్ చేస్త.” మెయిన్ ఆపి, చెమటలు కక్కుతూ రెండో తీగ వేశాను. ఆంటీ సంతకం పెట్టింది, పాసయ్యాను, అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆ సాయంత్రం అమ్మ అలవాటుగా కింద స్విచ్ వేసింది. లైటు వెలిగింది. “ఏసిన అక్కా!” అని కేకేసింది. ఆంటీ కూడా అలవాటుగా పైన నొక్కింది. లైటు ఆరిపోయింది. మళ్ళీ అమ్మ, మళ్ళీ ఆంటీ. చివరికి ఇద్దరూ చీకట్లో నిలబడి నన్ను తిట్టడం మొదలుపెట్టారు.

“సర్టిఫికెట్ రాంగనే పని ఖరాబు చేసినవేందే!”

“ముందున్నట్టే పెట్టీవే తల్లీ, ఇదేటి గోల!”

అలా, పరీక్ష పాసైన ఎలక్ట్రీషియన్‌గా నేను చేసిన మొట్టమొదటి పని, సరిగ్గా ఉన్న తీగను ఊడదీయడం.

ఇప్పుడు నాకు సొంత షాపుంది, అదే సెంటర్లో వారానికి రెండు క్లాసులు చెబుతాను. మెట్ల లైటు పాఠం వచ్చినప్పుడు రెండు తీగలూ వేయాల్సిందేనని పిల్లల్ని గట్టిగా గదమాయిస్తాను. ఎందుకు నవ్వుతున్నారు మేడమ్ అని అడుగుతారు. నేను చెప్పను. బోయిగూడలో ఆ మెట్ల లైటుకు ఇప్పటికీ ఒకటే తీగ. అమ్మ కింద వేసి, ఆంటీ పైన వేసేదాకా నిలబడి కబుర్లు చెబుతూ ఉంటుంది. తెలిసి బాగుచేయకుండా వదిలేసిన పని నా జీవితంలో అదొక్కటే.