మేఘాలయకు దాచిన లడ్డు

పోయిన వారం మా తిరుపతి పెన్షనర్ల సంఘం వాళ్లు ఇంటికొచ్చి, దేశంలోని రాష్ట్రాలన్నీ చూసొచ్చిన మనిషిని కనుక నాకు శాలువా కప్పుతామన్నారు. వద్దుగాక వద్దన్నాను. అణకువ అనుకొని మరింత మెచ్చుకొని పోయారు. అణకువా పాడా, అది సిగ్గు. ఇప్పటికైనా చెప్పుకోకపోతే నాకు నిష్కృతి లేదు.

కేంద్ర ప్రభుత్వ కొలువు కావడంతో నాలుగేళ్లకొకసారి దేశంలో ఎక్కడికైనా భార్యాబిడ్డలతో పోయిరావడానికి ఖర్చులిచ్చేవారు, మీలో చాలామందికి తెలిసిందే. అందరూ కాశీకో కన్యాకుమారికో పోయి తృప్తిపడితే, నాకు మాత్రం రాష్ట్రాలన్నీ తొక్కి రావాలని పిచ్చి పట్టింది. తిరుపతి వాళ్లం ఎక్కడికి పోయినా లడ్డూలు మోసుకుపోతాం కదా, అందులోనూ నేనొక నియమం పెట్టుకున్నాను: రైల్లో దాటిపోతే లెక్క కాదు, ఆ రాష్ట్రపు మనిషి చేతిలో స్వామి లడ్డు పెడితేనే ఆ రాష్ట్రం చూసినట్టు.

పెళ్లయిన మూడో ఏడు గౌహతి పోయాం. ఐరాలలో పుట్టి, తెలుగూ కాస్త అరవమూ తప్ప మరో మాట రాని నా భార్యకు, దిగిన రాత్రే ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. మాకు మిగిలింది మర్నాడు ఒక్కరోజే, ఆ పైరోజు తిరుగు రైలు. తెల్లవారగానే నేను షిల్లాంగు బస్సుకు బయలుదేరుతుంటే, లాడ్జి మంచం మీద నుంచి మెల్లగా అడిగింది.

"నోరంతా చేదుగా ఉండాది, ఆ లడ్డు రవ్వంత తుంచి ఇయ్యండి."

"ఉండేది ఒకటే, అది మేఘాలయకు," అన్నాను.

అన్నానయ్యా, ఈ నోటితోనే! ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. షిల్లాంగులో ఒక టీ కొట్టు పెద్దాయన చేతిలో ఆ లడ్డు పెట్టి, గెలిచినట్టు నవ్వుకుంటూ పొద్దుగూకేటప్పటికి తిరిగొచ్చాను. పక్క గది బెంగాలీ ఆవిడ, పేరైనా తెలియని మనిషి, నా భార్య తల ఒళ్లో పెట్టుకొని తడిగుడ్డ వేస్తున్నది. పొద్దుటి నుంచి ఏదీ ఇమడలేదని సైగలతో చెప్పింది. మంచం ముందు నిలబడి నా భార్యతో నేనన్న మొదటి మాట, మేఘాలయ కూడా అయిపోయిందని. పైగా ఏళ్ల తరబడి బంధువుల్లో ఆ షిల్లాంగు కథే గొప్పగా చెప్పుకున్నాను, లోపల వంట చేస్తూ ఆమె వింటూ ఉండగానే.

ఇప్పుడైతే రేణిగుంటలో విమానమెక్కితే ఎక్కడికైనా ఇట్టే పోవచ్చు, ఒంట్లో బాగలేకపోతే ఫోను చేయవచ్చు. ఆ రోజు ఆమెకేమైనా అయినా నాకు తెలిసే దారి లేదు. మొన్న ధైర్యం చేసి, నీ ఇష్టమొచ్చిన ఊరు చెప్పు, తీసుకుపోతానన్నాను.

"యాడికీ వద్దులెండి," అన్నది చిక్కుళ్లు ఒలుస్తూ. "ఇద్దరమూ ఒక్క ఊర్లో ఉంటే నాకు సాలు."

కోపంగా కూడా అనలేదు. పెట్టె సర్దుకోమంటే ఎగిరి గంతేసిన ఆ కాలపు పిల్ల ఇప్పుడు మా ఇంట్లో లేదు.